రెండు మ్యాచుల సీజన్

ఇది కొంచెం పొడుగ్గా ఉంటుంది. టీ తెచ్చుకుని కూర్చోండి. చదవలేనివాళ్ళు చివరి రెండు పేరాలైనా చదవండి, ఎందుకంటే ఆదివారం మీ ఓటు కావాలి.

పోయిన వారం మన గ్రూపులో ఒక పెద్దాయన వీడియో పెట్టారు. కూతురి దగ్గరికని అమెరికా, మాడిసన్ ఊరు వెళ్ళారు కదా, అక్కడ విస్కాన్సిన్ యూనివర్సిటీ ఆడపిల్లల ఐస్ హాకీ చూసొచ్చారు. హెల్మెట్లు, ప్యాడ్లు వేసుకున్న అమ్మాయిలు మంచు మీద బాణాల్లా దూసుకుపోతున్నారు. "మన పిల్లలకి ఇలాంటివి ఎప్పుడొస్తాయో" అని కింద రాశారు. అందరం చప్పట్ల బొమ్మలు పెట్టాం. నేనూ పెట్టాను.

అదే రోజు రాత్రి తొమ్మిదిన్నరకి కార్యవర్గం ఈ ఏటి బడ్జెట్ ముసాయిదా పెట్టింది. ఆటల పద్దులో యథావిధిగా ఉగాది క్రికెట్ టోర్నమెంటు, ట్రోఫీలు, షామియానా, ఫ్లెక్సీలు. నేను రాసిచ్చిన బాలికల హాకీ ప్రతిపాదన ఎదురుగా ఒకే ఒక్క మాట: "కుదరదు". దాని కింద ఒక్కరూ నోరు మెదపలేదు. చప్పట్ల బొమ్మలు పెట్టిన వేళ్ళన్నీ ఆ రాత్రి ఏమయ్యాయో నాకు తెలీదు.

ఈ పోస్టు అందుకే.

ముందు ఒక పాత జోకు. చుట్టాలకి ఫోన్ చేసి మాది మనలి అంటే "అబ్బో, చలి బాగా ఉంటుందా?" అంటారు. మనలికీ మనాలికీ ఒక్క దీర్ఘం తేడా. అక్కడ మంచు కురుస్తుంది, ఇక్కడ రిఫైనరీ గొట్టం మీద మంట వెలుగుతుంది. 1969లో రిఫైనరీ నడవడం మొదలైన దగ్గర్నుంచీ నెల్లూరు నుంచీ శ్రీకాకుళం నుంచీ పనికోసం వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలం మనం. మంచు మన సబ్జెక్టు కాదు, ఒప్పుకుంటాను. కానీ ఐస్ హాకీని చూసి మనం నోరు తెరిచింది మంచుకోసం కాదు కదా. ఆడపిల్లలు అంత వేగంగా, అంత ధైర్యంగా ఆడుతున్నారని. ఆ వేగం ఎక్కణ్ణుంచి వస్తుందో ఒక్కసారి లెక్క చూద్దాం.

ఆ వీడియోలోని జట్టు 2024-25 సీజన్‌లో 41 మ్యాచులు ఆడింది. 38 గెలిచింది, ఒకటి ఓడింది, రెండు సమం. ఐస్ హాకీలో మ్యాచుకి 20 నిమిషాల చొప్పున మూడు భాగాలు, అంటే 60 నిమిషాలు. 41 మ్యాచులకి తక్కువలో తక్కువ 2,460 నిమిషాలు. 2025 మార్చి 23న మినియాపొలిస్‌లో ఒహాయో స్టేట్‌తో ఫైనల్. ఇరవై సెకన్లు కూడా మిగల్లేదు, 3-2తో వెనకబడి ఉన్నారు. పెనాల్టీ షాట్ దొరికింది. కిర్‌స్టెన్ సిమ్స్ అనే అమ్మాయి దాన్ని గోల్ చేసింది. ఓవర్‌టైమ్‌లో మళ్ళీ ఆ అమ్మాయే గోల్ కొట్టి కప్పు గెలిపించింది. అది ఆ యూనివర్సిటీ అమ్మాయిలకి ఎనిమిదో జాతీయ టైటిల్. ఆ క్షణంలో చెయ్యి వణకలేదంటే పుట్టుకతో వచ్చిన గుండె నిబ్బరం అనుకుంటున్నారా? అంతకుముందు ఆ ఏడాది నలభై సార్లు బరిలోకి దిగి వచ్చిన చెయ్యి అది.

ఇప్పుడు మన లెక్క. మా పక్కవీధి పిల్ల ఒకతి ఒక యూనివర్సిటీ మహిళల హాకీ జట్టులో గోల్‌కీపర్. పేరు రాయను, వాళ్ళ అమ్మకి ఇష్టం లేదు. మంచు హాకీ కాదు, మన హాకీయే. తెల్లారి అయిదింటికి లేచి మట్టి గ్రౌండ్‌కి పోతుంది. కాలేజీల మధ్య పోటీల్లో బాగా ఆడి యూనివర్సిటీ జట్టుకి ఎంపికైంది. పది రోజులు క్యాంపు. తర్వాత రైలెక్కి దక్షిణ మండల అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకి వెళ్ళారు. నాకౌట్ పద్ధతి, ఓడితే ఇంటికే. మొదటి మ్యాచ్ 2-0తో గెలిచారు. రెండోది సమానంగా ముగిసి షూటౌట్‌లో పోయింది. మూడో రోజు తిరుగు రైలు.

అయిపోయింది. అదే సీజన్. పదిహేను నిమిషాల క్వార్టర్లు నాలుగు చొప్పున రెండు మ్యాచులు, 120 నిమిషాలు. ఏడాది మొత్తం.

స్టేషన్‌కి నేనే వెళ్ళాను, వాళ్ళ నాన్న షిఫ్టులో ఉన్నాడని. సామాను అందుకుంటూ "ఎలా ఆడావమ్మా?" అన్నాను. "రెండో మ్యాచ్ సగంలో నాకు టర్ఫ్ అలవాటైంది మామయ్యా" అంది. ఈ మాట అర్థం కావాలంటే ఆట తెలియాలి. మట్టి మీద బంతి ఎగుడుదిగుడుగా గెంతుతూ వస్తుంది, వేగం కొంత చస్తుంది. నీళ్ళు చల్లిన టర్ఫ్ మీద నేలకి అంటుకుని కత్తిలా జారుతూ వస్తుంది. గోల్‌కీపర్ కాలు కదిపే లోపు దాటిపోతుంది. మట్టి మీద నేర్చుకున్న పిల్లని టర్ఫ్ మీద నిలబెట్టారు. అది అలవాటయ్యే వేళకి సీజనే అయిపోయింది.

కిట్టు గురించి కూడా చెప్తాను. కాళ్ళ ప్యాడ్లు, కిక్కర్లు, ఛాతీ గార్డు, హెల్మెట్ అన్నీ కలిపితే గోల్‌కీపర్ సరంజామా ఒక మామూలు ఇంటికి రెండు మూడు నెలల జీతం. జట్టుకి ఉన్నది ఒకటే. ప్రాక్టీసులో ఇంకో పిల్ల చెమటతో తడిసిన గార్డే విప్పి ఈమె వేసుకోవాలి. మన ఎండల్లో ఆ వాసన ఎలా ఉంటుందో నేను రాయక్కర్లేదు.

ఇంక మన కార్యవర్గం చెప్పిన కారణాలకి వస్తాను. నేను ఫోన్ చేసి అడిగితే కార్యదర్శి గారు ఓపిగ్గానే చెప్పారు, ఆయన మంచివారు, నాకు ఆయనతో పేచీ లేదు. పేచీ కారణాలతో. ఒకటి, మన దగ్గర ఆడపిల్లలు హాకీ ఎక్కడ ఆడుతున్నారు, స్కూళ్ళలోనే లేదు కదా. రెండు, సభ్యుల్లో ఆసక్తి లేదు. మూడు, ఖర్చెక్కువ. నాలుగు, ఆడేవాళ్ళకి అంత స్థాయి లేదు, రెండో మ్యాచ్‌లోనే ఓడొచ్చారు.

ఈ నాలుగూ వింటుంటే నాకు ఎక్కడో చదివినట్టు అనిపించింది. ఎక్కడో కాదు, అమెరికాలోనే. ఆ వీడియోలో మనం చూసిన సంబడం వెనక ఒక కథ ఉంది, అది వీడియోలో పడదు.

న్యూయార్క్ రాష్ట్రంలో హామిల్టన్ అనే చిన్న ఊళ్ళో కాల్గేట్ యూనివర్సిటీ ఉంది. అక్కడ మగపిల్లల ఐస్ హాకీ జట్టుకి గొప్ప మర్యాద. ఆడపిల్లలు కూడా ఆడేవారు, కానీ క్లబ్బుగా. చందాలు వేసుకుని, మిగిలిన సమయాల్లో. మమ్మల్ని కూడా యూనివర్సిటీ జట్టుగా గుర్తించండి అని 1979లో అడిగారు. లేదన్నారు. 1983లో, 1986లో, 1988లో అడిగారు. లేదు, లేదు, లేదు. చివరికి 1990లో అయిదుగురు అమ్మాయిలు కోర్టుకెక్కారు. ఆ రోజుల్లో ఏడాదికి మగపిల్లల హాకీ మీద పెట్టిన ఖర్చు రెండు లక్షల ముప్ఫై వేల డాలర్ల పైమాట. ఆడపిల్లల క్లబ్బుకి అయిదు వేలు కూడా లేదు.

యూనివర్సిటీ కోర్టులో చెప్పిన కారణాలు చూడండి. హైస్కూళ్ళలో అమ్మాయిలు ఈ ఆట ఆడరు. ఆడే కాలేజీలే తక్కువ, జాతీయ చాంపియన్‌షిప్ కూడా లేదు. విద్యార్థుల్లో ఆసక్తి లేదు. ఖర్చెక్కువ. వీళ్ళకి అంత నైపుణ్యం లేదు.

కార్యదర్శి గారూ, మీరు కాల్గేట్ కాగితాలు చూసి రాయలేదని నాకు తెలుసు. అదే నాకు భయం వేసిన విషయం. సాకులకి సముద్రాలు అడ్డం కావు.

1992లో అమ్మాయిలు గెలిచారు. అప్పీలుకి వెళ్ళేసరికి 1993లో పైకోర్టు ఏమందో తెలుసా? కేసు వేసిన పిల్లల చదువు అయిపోతోంది కాబట్టి ఇక కేసులో పస లేదు, తీర్పు కొట్టేస్తున్నాం అంది. నాలుగేళ్ళ చదువులో పిల్ల పోరాడుతుంటే క్యాలెండరే ఓడించింది. కానీ వెనక బ్యాచ్ అమ్మాయిలు ఊరుకోలేదు, మళ్ళీ కేసు వేశారు. 1997లో యూనివర్సిటీ రాజీకొచ్చి జట్టుని గుర్తించింది. స్థాయి లేదన్న ఆ జట్టే 2018లో జాతీయ ఫైనల్‌కి వెళ్ళింది. ఓవర్‌టైమ్‌లో ఒక్క గోల్ తేడాతో ఓడింది. స్థాయి ముందా, సీజన్ ముందా అని ఎవరైనా అడిగితే ఇకమీదట ఈ ఒక్క ఊరి పేరు చెప్పండి చాలు.

అమెరికావాళ్ళకి దానగుణం ఎక్కువని కాదు ఇదంతా. 1972లో ఒక చట్టం వచ్చింది, కేంద్రం డబ్బు తీసుకునే విద్యాసంస్థల్లో ఆడ మగ తేడా చూపకూడదని. అది కాగితం మీద ఉన్నా పిల్లలు కోర్టు మెట్లెక్కితే తప్ప కదల్లేదు. ఐస్ హాకీలో అమ్మాయిలకి కాలేజీల జాతీయ చాంపియన్‌షిప్ మొదలైంది 2001లో, అంటే చట్టం వచ్చిన 29 ఏళ్ళకి. మన పెద్దాయన తీసిన ఆ రెండు నిమిషాల వీడియో ఖరీదు అది.

"వాళ్ళకి డబ్బుంది బాబూ" అని నిన్ననే ఒకాయన టీ కొట్టు దగ్గర అన్నారు. సరే, డబ్బు లేని చోటు చూద్దాం. లడఖ్ అమ్మాయిలు. ఏడాదికి రెండు నెలలు చెరువు గడ్డకడితే ఆడారు. అరువు సామాను, ప్రజల చందాలు. 2016లో తైపేలో మొదటిసారి దేశం తరఫున ఆడి అన్ని మ్యాచులూ ఓడారు. మన కార్యవర్గం లెక్కన అక్కడే కుదరదు అని రాసెయ్యాలి. 2017లో బ్యాంకాక్‌లో ఫిలిప్పీన్స్ మీద 4-3తో మొదటి గెలుపు. 2025లో అల్ ఐన్‌లో జరిగిన ఆసియా కప్‌లో కాంస్యం. అంతవరకూ ఎందుకు, మంచే పడని తెలంగాణ నుంచి నయనశ్రీ తాళ్లూరి అనే అమ్మాయి ఖేలో ఇండియా వింటర్ గేమ్స్‌లో ఐస్ స్కేటింగ్ బంగారు పతకాలు తెచ్చింది. మనకి కావలసింది మంచు కూడా కాదు, ఒక మట్టి గ్రౌండ్.

ఇక్కడ మనవాళ్ళకి బాగా వచ్చిన విద్య ఒకటి ఉంది, సన్మానం. నేను ప్రతిపాదన ఇచ్చినప్పుడు ఒకరు ఉదారంగా అన్నారు, "ఆ పిల్లని ఇండియాకి ఆడనివ్వండి, అప్పుడు మనం ఘనంగా చేద్దాం". ఎతిమరపు రజనిని గుర్తు చేశారు కూడా. అప్పటి చిత్తూరు జిల్లా యనమలవారిపల్లె అమ్మాయి. గోల్‌కీపరే. టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చుకున్న జట్టులో ఉంది. 2021లో తిరిగొచ్చాక ఆంధ్ర ప్రభుత్వం 25 లక్షలు ప్రకటించింది. మంచిదే, ఇవ్వాలి. కానీ యనమలవారిపల్లె నుంచి టోక్యో దాకా మధ్యలో ఉన్న ఏళ్ళు ఉన్నాయే, అక్కడ శాలువా పనికిరాదు. అక్కడ కావలసింది బస్సు చార్జీ, గ్లవ్స్, ఇంకో మ్యాచ్. గెలిచాక వెంటపడే వాళ్ళకి కొదవ లేదు. మన సంఘం కూడా ఆ వరసలో చివర నిలబడి ఫోటో దిగాలా?

పెద్ద ఊళ్ళూ ఏం వెలగబెట్టలేదు. 2024 డిసెంబరు చివర్లో హాకీ ఇండియా లీగ్ మళ్ళీ మొదలైంది, 2025 జనవరిలో ఆడవాళ్ళకి కూడా మొదటిసారి లీగ్ పెట్టారు, రాంచీలో, నాలుగు జట్లతో. మగవాళ్ళ లీగ్‌లో తమిళనాడు పేరుతో ఒక జట్టుంది, హైదరాబాద్ పేరుతో ఒకటి ఫైనల్ దాకా వెళ్ళింది. ఆడవాళ్ళ లీగ్‌లో ఆ నాలుగింటిలో చెన్నైదీ లేదు, హైదరాబాద్‌దీ లేదు. ఎళుంబూరు మేయర్ రాధాకృష్ణన్ స్టేడియం మనకి పదిహేను ఇరవై కిలోమీటర్లు. 2023లో ఆసియన్ చాంపియన్స్ ట్రోఫీ అక్కడే జరిగింది, మనలో చాలామంది వెళ్ళి గొంతు పోయేలా అరిచి వచ్చాం. మగవాళ్ళ ట్రోఫీ అని వేరే చెప్పాలా?

"ఇది యూనివర్సిటీ చూసుకోవాల్సింది, సంఘానికేం సంబంధం?" అన్న ప్రశ్న ఉంది. న్యాయమైన ప్రశ్నే. యూనివర్సిటీ చెయ్యాల్సింది యూనివర్సిటీ చెయ్యాలి, దానికి వేరే ఉత్తరం రాస్తున్నాను. కానీ జట్టు తయారయ్యేది యూనివర్సిటీలో కాదు. అక్కడికి పదిహేడు పద్దెనిమిదేళ్ళకి వెళ్తారు. అంతకుముందు అయిదారేళ్ళు ఎక్కడ ఆడాలి? మన వీధుల్లోనే కదా. మగపిల్లలకి ఆ అయిదారేళ్ళు క్రికెట్ రూపంలో మనమే ఇస్తున్నాం, ఉగాదికీ, వేసవి సెలవులకీ, ఆగస్టు పదిహేనుకీ. అప్పుడెవరూ ఇది బోర్డు చూసుకోవాల్సిన పని అనలేదు. క్రికెట్ ఆపమని నేను అనను. మా అబ్బాయి కూడా అందులోనే పెరిగాడు, ఒక పన్ను కూడా అందులోనే పోగొట్టుకున్నాడు.

ఇంకొకరు చెవిలో చెప్పినట్టు అన్నారు, "ఆ జట్టులో మన తెలుగు పిల్ల ఒక్కతే కదా, మిగతా అందరూ తమిళ పిల్లలే". అవును. హాకీకి జట్టుకి పదకొండు మంది కావాలి, ఎదుటి జట్టుకి ఇంకో పదకొండు. మన ఒక్క పిల్ల ఆడాలంటే ఇరవై ఒక్క మంది ఇతర పిల్లలు కావాలి. యాభై ఏళ్ళుగా మనకి అన్నం పెట్టిన ఊళ్ళో ఈ లెక్క నేను చెప్పాల్సి రావడం బాగాలేదు.

దెబ్బలు తగుల్తాయి, రేపు సంబంధాలు ఎలా అన్నవాళ్ళకి జవాబివ్వను. ఆ పిల్ల ముఖం మీదికి వచ్చే బంతిని ఆపుతుంది, మీ మాట ఆపలేదా?

ఇప్పుడు నేను అడుగుతున్నది ఏమిటో చెప్తాను. పెద్దదేం కాదు. జూన్ నుంచి ఆగస్టు దాకా పన్నెండు ఆదివారాలు, ఉదయం ఆరు నుంచి తొమ్మిది లోపు, ఎండ ముదరకముందే. మనలి, మనలి న్యూ టౌన్, తిరువొత్తియూరు, ఎన్నూరు, ఈ నాలుగు చోట్ల నుంచి అమ్మాయిల జట్లు. పదకొండు మంది దొరక్కపోతే అయిదుగురి హాకీ ఆడిద్దాం. అది ఉత్తుత్తి ఆట కాదు, 2024లో ఒమన్‌లో దానికి ప్రపంచ కప్ కూడా జరిగింది, మన దేశం అమ్మాయిలు ఫైనల్ దాకా వెళ్ళారు. చిన్న గ్రౌండ్ చాలు. నాకౌట్ వద్దు. ఓడినా వచ్చే ఆదివారం మళ్ళీ ఆడాలి, అసలు కిటుకంతా అక్కడే ఉంది. నాలుగు జట్లు ఒకరితో ఒకరు నాలుగేసి సార్లు ఆడితే ఒక్కో పిల్లకి పన్నెండు మ్యాచులు. రెండు ఎక్కడ, పన్నెండు ఎక్కడ! 41కి ఇంకా దూరమే అనుకోండి.

ఖర్చు: ఒక గోల్‌కీపర్ కిట్టు, బంతులు, ముగ్గుపొడి, మజ్జిగ, ఒక ఫస్ట్ ఎయిడ్ పెట్టె. అంపైరింగ్ ఉచితం, నేనూ నా పాత జట్టువాళ్ళు ఇద్దరూ ఉన్నాం. మోకాళ్ళు నొప్పులే గానీ విజిల్ ఊదడానికి ఊపిరి ఉంది. ఉగాది టోర్నమెంటు ఫ్లెక్సీల్లో, కార్యవర్గం ఫోటోలున్న పెద్దవి నాలుగు తగ్గిస్తే (నా ఫోటో కూడా ఉంది, ముందు దాన్నే తీసెయ్యండి), ట్రోఫీల ఎత్తు ఒక అడుగు తగ్గిస్తే, ఇందులో సగానికి పైన వచ్చేస్తుంది. మిగతాది నేను ఇంటింటికీ తిరిగి వసూలు చేస్తాను. మొదటి వెయ్యి నాది, రసీదు ఇవ్వండి.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి సర్వసభ్య సమావేశం. ఎజెండాలో ఆరో అంశం ఆటల పద్దు. మామూలుగా ఆరో అంశం వచ్చేసరికి టిఫిన్ వాసన వచ్చి సగం మంది లేచిపోతారు. ఈసారి లేవకండి. "కుదరదు" అన్న మాట కొట్టేసి సవరణ పెట్టమని నేను అడుగుతాను. రూలు ప్రకారం బలపరచడానికి ఇంకొకరు లేచి నిలబడాలి. పెద్దాయన అమెరికా నుంచి శనివారం దిగుతున్నారు. జెట్‌లాగ్ ఉంటుంది, తెలుసు. అయినా ఆయన పక్కనే ఒక కుర్చీ ఖాళీగా పెట్టమన్నాను, ఆ పిల్ల కూడా వస్తానంది.